జలంధర్ మెరిపించిన స్తంభం

జలంధర్ ఖతర్‌లోని మెసయీద్‌లో పద్నాలుగేళ్లుగా ఇనుప పైపులకు తుప్పు వదిలిస్తున్నాడు. ఒంటినిండా తొడుగు వేసుకుని, గొట్టంలోంచి గాలితో ఇసుక కొడితే ఎంత మొండి తుప్పయినా నిమిషంలో రాలాల్సిందే. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడని క్యాంప్‌లో అందరూ ఒప్పుకుంటారు. అందరికంటే ముందు అతనే ఒప్పుకుంటాడు.

ఆ గొప్పే కొంప ముంచింది. మూడేళ్ల కిందట సెలవు మీద ఊరెళ్లినప్పుడు, కాకతీయుల నాటి శివాలయంలో సున్నం పట్టిన ఇసుకరాతి స్తంభాన్ని చూసి చేతులు ఊరుకోలేదు. కరీంనగర్ నుంచి ఇసుక కొట్టే మిషన్ అద్దెకు తెప్పించాడు. సున్నం రాలింది. దాని కింద వరసగా అక్షరాలు కనిపించాయి. గొట్టం ఆపేలోగా అవీ రాలిపోయాయి. స్తంభం కొత్తదానిలా మెరిసిందని ఊరివాళ్లు శాలువా కప్పారు. అక్షరాల సంగతి జలంధర్ బయటపెట్టలేదు.

ఈ శుక్రవారం గుడి కమిటీ పెద్ద రత్నాకర్ గుడి నుంచి వీడియో కాల్ చేశాడు. పక్కనే జలంధర్ భార్య సాయవ్వ. శాసనాలు చదివే పంతులుగారు ఎవరో వచ్చి, ఎదుటి స్తంభం మీద రాజుగారి దానాన్ని పొగిడిన పద్యం సగమే ఉందని, మిగతా సగం దొరకలేదని చెప్పి వెళ్లారట. ఆ స్తంభాన్ని కూడా మెరిపిస్తే అక్షరాలు ఇంకా బాగా కనబడతాయని కమిటీ ఆశ. మిషన్ వచ్చేసింది, గాలి ఎంత పెట్టాలో చెబితే చాలన్నాడు.

నిజం చెప్పకపోతే ఉన్న సగమూ పోతుంది. చెబితే సాయవ్వ ముందు పరువు పోతుంది. జలంధర్‌ను ఈ రెండోదే ఎక్కువ భయపెట్టింది. అయినా చెప్పేశాడు.

“మిషన్ వాపస్ పంపున్రి అన్నా. ఆ మిగతా సగం నేను సాపు చేసిన కంబం మీదనే ఉండె. నా చేతులతోనే పోయింది.”

రత్నాకర్ వెంటనే ఫోను సాయవ్వకిచ్చి, మిషన్ వాణ్ని ఆపడానికి వెళ్లాడు.

సాయవ్వకు చదువు రాదు. ప్రతి సోమవారం జలంధర్ మెరిపించిన ఆ స్తంభానికి పసుపు రాయడం మాత్రం మానదు.

“నాకు గప్పుడే ఎర్కయింది. పసుపు రాస్తుంటె సున్నం మీదికెళ్లి ఏలుకు తగిలేటి గీతలు ఆ సోమారం తగల్లే. నువ్వు మస్తు సంబురంగ ఉంటివి. ఎట్ల జెప్పాలె?”

ఇంతటి మనిషి దగ్గరా మూడేళ్లు దాచానని జలంధర్‌కు సిగ్గేసింది.

“మొదటి నాలుగు అచ్చరాలైతే నా ఏలుకు యాదికున్నయి,” అంటూ ఆమె పసుపుతో గుడి బండ మీద గీసి, ఫోను వంచి చూపించింది. జలంధర్ డ్యూటీ కాగితం వెనక్కి తిప్పి, వాటిని ఉన్నవి ఉన్నట్టు గీసుకున్నాడు.