పాలసీసా గిన్నెలో నైట్ గార్డ్

ఆ మధ్యాహ్నం పెరుగన్నం నములుతుంటే పంటికింద గట్టిగా ఏదో తగిలింది. రాయేమో అనుకుని అరచేతిలోకి తీసి చూశాను. నా దవడపన్ను ముక్క. పెరుగన్నానికి పన్ను విరగడమేమిటని అనుకున్న ఆ క్షణంలోనే, నాకు తెలియకుండా నాలో ఏదో జరుగుతోందని మొదటిసారి భయం వేసింది.

పత్యం విడిచి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు. అది నాకు మూడో కాన్పు. నెలలు నిండకుండా పుట్టిన పాప గుంటూరు ఆసుపత్రిలో గాజుపెట్టెలో కొన్నాళ్ళుండి చనిపోయింది. దర్శిలో ఇంట్లో ఉన్న పిల్లలిద్దరికీ ఆ సంగతి చెప్పలేదు. కాస్త బరువు పెరిగాక పాపను తెస్తారని చెప్పారు పెద్దవాళ్ళు. పురిటిబిడ్డకు దినాలూ కర్మలూ ఉండవు కాబట్టి పిల్లలకు అనుమానం రావడానికి ఇంట్లో ఏమీ జరగలేదు. నన్నూ ఏడవనివ్వలేదు. "పచ్చిబాలింతవి, కళ్ళు దెబ్బతింటాయే" అని అమ్మ నా మొహం తుడిచి, చెవుల్లో దూది మార్చేది. మా చేలో దూదే. పత్యం అయిపోయినా ఆ దూది తీయాలనిపించలేదు నాకు.

పన్ను ముక్క చూసి పెద్దది, రెండో తరగతి చదివే పిల్ల, అంది:

"రాత్రిళ్ళు బఠాణీలు తింటావుగా, అందుకే విరిగింది."

"బఠాణీలేంటే?"

"దొంగా. కరకరా నములుతావు, మాకు వినపడదనుకున్నావా? తమ్ముడు కూడా విన్నాడు."

"నాకొక్కటి కూడా పెట్టలేదు," అన్నాడు చిన్నవాడు, నిజంగానే అలిగి.

చెవుల్లో దూది ఉన్న నాకు ఆ చప్పుడు వినపడలేదు.

గుంటూరు బ్రాడీపేటలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు మా ఆయన. మేమెక్కిన ఆటో పాప పోయిన ఆసుపత్రి ముందు నుంచే వెళ్ళింది. ఆయన అటు చూడకుండా డ్రైవరుతో మిరప కోతల గురించి మాట్లాడుతూనే ఉన్నారు.

"నిద్రలో పళ్ళు కొరుకుతున్నారమ్మా," అంది డాక్టరమ్మ. "ఇట్లాగే వదిలేస్తే మిగతావీ అరిగిపోతాయి. మనసులో దిగులేమన్నా ఉందా?"

అప్పటికే నా నోట్లో అచ్చు తీసే ముద్ద కుక్కి ఉంది. ఆయనే జవాబు చెప్పారు. "అబ్బే, ఏం లేదండీ. కాస్త నీరసం."

తరువాతిసారి వెళ్ళినప్పుడు నైట్ గార్డ్ చేతికిచ్చింది. పై పళ్ళకు సరిగ్గా అతుక్కునే పారదర్శకమైన తొడుగు. పొద్దున తీయగానే చన్నీళ్ళతో, మెత్తటి బ్రష్షుతో కడగాలి, చిల్లులున్న దాని డబ్బాలో ఆరనివ్వాలి అని చెప్పింది. "వేడినీళ్ళు మాత్రం తగలనివ్వకండి, వంకరపోతుంది" అని నాకొకసారి, ఆయనకొకసారి చెప్పింది. ఇంట్లో అమ్మకు చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు.

మొదట్లో చొంగ కారేది, వాంతి వచ్చినట్టుండేది. పిల్లలకు మాత్రం అదొక ఆట. డబ్బా తెచ్చివ్వడం పెద్దదాని పని. "అమ్మ పళ్ళకి చెప్పులేసుకుని పడుకుంటది," అని చిన్నవాడు వీధంతా చెప్పి వచ్చాడు.

ఆ తొడుగు ఉంటే మాట స్పష్టంగా రాదు. పక్కలో చేరగానే చిన్నవాడు రోజూ "పాప ఎప్పుడొస్తదమ్మా?" అనేవాడు. ఒకరోజు జవాబు చెప్పకుండా నోటివైపు వేలు చూపించాను. మాట్లాడలేనని అర్థం చేసుకుని ఊరుకున్నాడు. మర్నాటి నుంచి ఇంకాస్త ముందే పెట్టుకోవడం మొదలుపెట్టాను. పోను పోను వాళ్ళ అన్నాలు అవగానే పెట్టేసుకునేదాన్ని. డాక్టరమ్మ అది పళ్ళ కోసమే ఇచ్చింది. నాకది ఎందుకు పనికొస్తోందో ఎవరికీ తెలియదు.

ఒక సాయంత్రం నేను దొడ్లో బట్టలు తీస్తుంటే పెద్దది బడి నుంచి వచ్చి, సంచి గుమ్మంలోనే పడేసి "పాప వచ్చింది, పాప వచ్చింది" అని అరుస్తూ గదిలోకి పరుగెత్తింది. నేను లోపలికి వెళ్ళేసరికి మంచం మీద దుప్పటి ఎత్తి చూస్తోంది.

"ఏది? పాలసీసా గిన్నె పొయ్యి మీద పెట్టారుగా?"

పాప పాలసీసాలు కాచడానికని అమ్మ కాన్పుకు ముందే కొని, తోమి, పాతచీర ముక్కలో చుట్టి అటక మీద పెట్టిన గిన్నె అది. అది దేనికో పిల్లలకు తెలుసు. ఇప్పుడది పొయ్యి మీద మరుగుతోంది. లోపల నా నైట్ గార్డ్.

"నోట్లో పెట్టుకునేదాన్ని కాచకుండా ఎట్టానే?" అంది అమ్మ. "చన్నీళ్ళకి క్రిములు చస్తాయా? మీ పాలసీసాలన్నీ ఇట్టాగే కాచాను." గరిటెతో పైకి తీసింది. ఎండిన మిరపకాయలా వంకర తిరిగి ఉంది. నా మొహం చూసి, తరువాత పెద్దదాని మొహం చూసి, పొయ్యి ఆర్పి అటు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నాకు ఏడవొద్దని చెప్పినావిడ.

ఇప్పుడు కొత్తది డబ్బాలో ఉంది. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను, రాయడం అయ్యాకే పెట్టుకుంటాను. కానీ ఆ రాత్రి వంకరపోయినదాన్ని ఎంత నొక్కినా పళ్ళకు ఎక్కలేదు. చిన్నవాడు ఎప్పటిలాగే పాప గురించి అడిగాడు. పెద్దది గోడవైపు తిరిగి పడుకుంది. చూపించడానికి నోట్లో ఏమీ లేదు. "పొద్దున చెప్తాను నాన్నా," అన్నాను.

మర్నాడు పొద్దున చెవుల్లో దూది తీసేసి, ఇద్దరినీ వాకిట్లో కూర్చోబెట్టుకున్నాను. పెద్దదానికి జడ వేస్తూ మొదలుపెట్టాను కానీ, సగంలోనే జుట్టు వదిలేశాను.

"పాప చచ్చిపోయిందమ్మా. ఆసుపత్రిలోనే. ఇంక రాదు. నాకు మొదట్నుంచీ తెలుసు."

చిన్నవాడు అక్క మొహంలోకి చూశాడు. "పాపని ఎక్కడ పెట్టారు?" అంది పెద్దది.

"నాకూ తెలియదు. నన్ను తీసుకెళ్ళలేదు. నాన్న చేలోనుంచి రాగానే ముగ్గురం అడుగుదాం," అన్నాను.