జానతో కొలిచిన హ్యాండిల్

ముంబైలో మా కామాఠిపురా చాల్‌లో, పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో ఉండే అక్క దేన్నైనా జానతోనే కొలిచేది. చక్రం తిరిగినంతసేపూ పెడల్ కూడా తిరిగే ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌ను, విడిభాగాలు ఏరుకుని తనే కట్టుకుంది. సైకిల్ పెట్టుకోవాల్సింది గదుల ముందున్న సన్నటి గ్యాలరీలో కాబట్టి, హ్యాండిల్ దగ్గరే చిక్కొచ్చింది. అక్కడే కాళ్లు చాపుకుని కూర్చునే ముసలవ్వ కాలివేళ్ల నుంచి కటకటాల దాకా అక్క జానలు పెట్టింది.

"నన్నేంది కొలుస్తున్నవ్ బిడ్డా?" అని అవ్వ నవ్వింది.

"సైకిల్ కోసం రోజూ నిన్ను కాళ్లు ముడుసుకొమ్మంటనా అవ్వా?" అంది అక్క. నచ్చిన వెడల్పాటి హ్యాండిల్ వదిలేసి, ఇరుకుది కొంది. దాంతో భుజాలు నొప్పెట్టేవి.

నిరుడు అవ్వ పోయింది.

"ఇప్పుడు జాగ ఉంది గదక్కా, పెద్దది ఏస్కో" అన్నాను.

అవ్వ కాలివేళ్లు ఉండే చోటి నుంచే అక్క కటకటాల దాకా జానలు పెట్టింది. చాలాసేపటికి చెయ్యి తీసింది.

"ఇరుకైతది" అంది.