దొర చెప్పిన "కొంచెం"

మైదానంలో కాలు పెట్టకుండానే, ఒక్క సాయంత్రంలో, ఊరందరి ముందూ ఒక మంచి మనిషి పరువునూ ఇంకో మంచి మనిషి బతుకునూ బంతిలా తన్నినవాణ్ణి నేను. చెప్పుకుంటే సిగ్గు. చెప్పకపోతే మా ఆవిడ చెబుతుంది, అదీ ఉప్పూకారం దట్టించి. అందుకని నేనే చెప్పేస్తాను.

అప్పుడు నేను కోయంబత్తూరులో ఒక నూలు మిల్లులో టైమాఫీసు గుమాస్తాను. మిల్లు ఫుట్‌బాల్ జట్టుకు సెక్రటరీని కూడా. బంతిని ఎప్పుడైనా తన్నావా అని మాత్రం అడక్కండి. మా స్పిన్నింగ్ మాస్టర్ స్కాట్లాండు నుంచి వచ్చిన మ్యాక్ దొర. యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు. ఒకనాడు ఆయన గదిలో ఒక పాత ఫొటో నా కంటబడింది. చారల చొక్కాలో కుర్ర మ్యాక్ దొర, ఒళ్ళో బంతి.

"ఫుట్‌బాల్ ఆడేవారా దొరా?"

"కొంచెం. సెంటర్ ఫార్వర్డ్. చిన్న ఊరు, చిన్న క్లబ్బు."

"గోల్స్ వేశారా?"

"ఏవో కొన్ని."

"మరి మానేశారేం?"

"బాగా ఆడలేకపోయాను, అందుకే."

ఇక్కడే నా కొంప మునిగింది. మా నాయుళ్ళ ఇళ్ళలో వంద ఎకరాల ఆసామిని అడగండి, "ఏదో కొంచెం ఉందప్పా" అంటాడు. మా మేనత్త పదహారు రకాలు వడ్డించి, "ఏమీ చేయలేదు, కొంచెం తిను" అంటుంది. ఆ గాలి పీల్చి పెరిగినవాడికి "కొంచెం" అంటే కొంచెమని ఎలా తెలుస్తుంది? నిండు కుండ తొణకదు కదా అని మురిసిపోయాను. ఖాళీ కుండ కూడా తొణకదని నాకెవరూ చెప్పలేదు!

ఆ నెలలోనే పక్క మిల్లుతో కప్పు ఆట. గాంధీపురం నుంచి ఆర్.ఎస్. పురం దాకా గోడలన్నిటికీ నోటీసులు అంటించాను: "స్కాట్లాండు సింహం! నాలుగు వందల గోల్స్ వీరుడు!" ఆ నాలుగు వందలు ఎక్కడివంటారా? ఆయన "కొన్ని" అన్నారుగా, అందులోంచి వినయం తీసేశాను, అంతే.

నోటీసు చూసి మేనేజరుగారు నన్ను పిలిపించారు. "ఏమప్పా రంగసామీ, సింహాన్ని ఇంట్లో పెట్టుకొని ఆ మారన్నను ఎందుకు దించేది? దొరనే దించు."

దొర వద్దు వద్దని మొత్తుకున్నారు. అదీ వినయమే అనుకున్నాం.

మారన్న మా సెంటర్ ఫార్వర్డ్. మూడేళ్ళుగా బదిలీ కూలి. ఎవరైనా పనికి రాని రోజునే అతనికి పని. సంగతి తెలిసి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"సార్, ఈ ఆటలో గోల్ వేస్తే పర్మనెంట్ చేస్తామని మేనేజరయ్య మాటిచ్చినారు. నేను రొంబ బాగా ఆడతాను సార్. నన్ను ఆట నుంచి నిలపొద్దండి."

తన గొప్ప తానే చెప్పుకునేవాడు ఏం ఆడతాడులే అనుకున్నాను. "సుమ్మా ఉండప్పా, గొడవ చేయకు, వచ్చే ఏడు చూద్దాం" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆట మొదలైంది. జనం గోడలెక్కారు. అవతలి గోల్‌కీపర్ జారి పడ్డాడు, గోల్ ఖాళీ, బంతి దొర ముందు. ఆయన బలమంతా కూడదీసుకొని కాలు విసిరారు. బంతి కదల్లేదు. బూటు వెళ్ళి గోల్‌లో పడింది.

"సింహం చెప్పు విడిచింది రోయ్!" అని మైదానమంతా ఒకటే కేకలు.

దొర ముఖం పండుమిరపకాయైంది. నా పక్కన మారన్న తల్లి నిలబడి ఉంది, కొడుకు ఆట చూడాలని కొత్త చీర కట్టుకొని వచ్చిన మనిషి. "ఏం సామీ, మా బిడ్డ ఏం తప్పు చేసినాడని కూర్చోబెట్టినారు?" అంది. భూమి చీలితే బాగుండుననుకున్నాను. నాకు చోటివ్వడానికి భూమికి కూడా మనసు రాలేదు.

విరామంలో దొర ఒంటి బూటుతో కుంటుకుంటూ వచ్చారు.

"రంగసామీ, పదకొండేళ్ళు ఆడాను. తొమ్మిది గోల్స్. అందులో రెండు మా గోల్‌లోనే. నేను కొంచెం అని చెప్పానా లేదా?"

"చెప్పారు దొరా."

ఆయన చొక్కా విప్పి మారన్న భుజమ్మీద వేసి, మేనేజరు వైపు తిరిగి, "సెంటర్ ఫార్వర్డ్ ఇతను" అన్నారు.

మోకాళ్ళ దాకా వేలాడే ఆ చొక్కాతోనే మారన్న రెండు గోల్స్ వేశాడు. కప్పు మాది. మేనేజరుగారు అక్కడే, అందరూ వినేలా, మారన్న పర్మనెంట్ అన్నారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది దొర. నేను నీళ్ళ పీపా వెనకాల దాక్కున్నాను. మారన్న నీళ్ళకని అక్కడికే వచ్చాడు.

"మన్నించప్పా. దొర కొంచెమంటే నమ్మలేదు" అన్నాను.

అతను కడుపునిండా నీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నాడు. "అది సరి సార్. దొర ఆడలేనన్నారు, నమ్మలేదు. నేను ఆడతానన్నాను, అదీ నమ్మలేదు. మీరు ఎవురు చెప్తే నమ్ముతారు సార్?"



కాబట్టి మహాజనులారా, ఆ నీళ్ళ పీపా సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఎవరైనా కొంచెమంటే కొంచెమే, బాగా అంటే బాగానే. నన్నెవరైనా "నీకు ఫుట్‌బాల్ తెలుసా?" అని అడిగితే, "కొంచెం" అంటాను. దయచేసి నమ్మండి.