యాదన్న కాపాడిన టమాటాలు

మైలార్‌దేవ్‌పల్లిలో మా ఇంటి కింది కొట్లో, సేంద్రియమని చీటీ అంటించిన టమాటా తీసి తొడిమ దగ్గర వాసన చూశాను. కొట్టతను వింతగా చూశాడు. చూడనీ! మందు వాసన పట్టే ఈ అలవాటు నాకు సుల్తానా మేడం నుంచి వచ్చింది. ఆ పచ్చి వాసనకు మామిడిపల్లి పొలం, నెత్తిమీదుగా దిగే విమానాలు, గట్టుమీద ఒంటరిగా కూర్చుని ఆవిడ అన్నం తినడం, అన్నీ గుర్తొచ్చాయి.

కొత్త విమానాశ్రయం వచ్చిన రోజులవి. చుట్టూ పొలాలు ప్లాట్లవుతుంటే, వ్యవసాయ శాస్త్రవేత్త అయిన మేడం ఓ పొలం చెక్క కౌలుకు తీసుకుని రసాయనాలు లేకుండా టమాటా పండించేవారు. మందు కొట్టిన కాయకూ, కొట్టనిదానికీ తేడా ఎంతో, తినేవాళ్ల ఒంట్లోకి ఏం పోతోందో తేల్చాలని ఆవిడ పట్టుదల. తోటి శాస్త్రవేత్తలు నవ్వేవారు. సహాయకురాలిగా నేనొక్కదాన్నే ఉండేదాన్ని. ప్రయోగం తేలాలంటే మూడేళ్లు ఏ మందూ తగలకూడదు. అప్పుడు నడుస్తున్నది మూడో ఏడు, చివరి పంట.

అప్పుడే మేడం భర్తను ఆసుపత్రిలో చేర్చారు. వేరే ఎవరూ లేక నేనూ తోడు వెళ్లాను. తిరిగొచ్చేసరికి మొక్కల మీద ఒక్క పురుగూ లేదు. మేడం ఓ కాయ కోసి వాసన చూశారు. ముఖం పాలిపోయింది. పక్క పొలం యాదయ్య నవ్వుతూ వచ్చాడు.

"పురుగు తింటుంటె సూస్కుంట ఊకుంటనా మేడం? మీరు దవాఖానల పరేషాన్‌ల ఉంటిరి. నా మందే కొట్టిన. ఇగ రంది పెట్టుకోకుండ్రి."

నాకు ఒళ్లు మండిపోయింది. అసలే కోపం నా ముక్కు మీదుంటుంది. నోరు తెరిచేలోపే మేడం నా చెయ్యి నొక్కారు.

"నావాళ్లు కూడా ఇంత చెయ్యలే యాదన్నా. కూసో, చాయ్ తాగు" అని ఫ్లాస్కులో ఉన్నదంతా అతనికే పోశారు.

అతను వెళ్లాక, "ఆయనకు చెప్పాల్సింది మేడం! మూడేళ్ల కష్టం మట్టిపాలైంది" అని అరిచాను.

"చెప్తే పంట మళ్లొస్తదా బేటా? ఆయనకు నిద్ర పట్టదు, అంతే."

ప్రయోగం తన నిర్లక్ష్యం వల్లే చెడిందని ఆవిడే పైవాళ్లకు చెప్పారు. నవ్వినవాళ్లు మళ్లీ నవ్వారు. కౌలు గడువు తీరింది, చెక్క ప్లాట్లయింది. ఆవిడ మరో పొలం పట్టలేదు. కొన్నాళ్లకు భర్త, ఆ తర్వాత ఆవిడా పోయారు.

మేడం పోయాక మహేశ్వరం సంతలో యాదన్న కనిపించాడు. కబురు చెబితే కళ్లు తుడుచుకున్నాడు.

"ఒక్కటే తృప్తి అక్కా. ఆమె కష్టంల ఉన్నప్పుడు పంట నేనే కాపాడిన. కాదా?"

"అవునన్నా, నువ్వే కాపాడావు. రా, చాయ్ తాగుదాం" అన్నాను.

మేడం ఉన్నన్నాళ్లూ ఆ సంగతి ఇద్దరం మోశాం. ఇప్పుడు నేనొక్కదాన్నే.