ఐదు పళ్ళాలు, మూడు పీటలు

కంప్యూటర్ చదువంటే టైపు కొట్టడమేనని అరవై దాటేదాకా నమ్మిన బుద్ధిమంతుణ్ణి నేను. మాది స్టీలు సామాన్ల దుకాణం; స్టీలుకు పట్టని తుప్పు నా బుర్రకు పట్టింది. ఈ ఉదయం అటక దులుపుతుంటే, అమ్మకుండా దాచుకున్న ఐదు పళ్ళాలు చేతికి తగిలాయి.

వాటి కథ జరిగినప్పుడు మనుమరాలు పదో తరగతి. మార్కాపురంలో ఒక కాలేజీవాళ్లు ఆదివారాలు బడిపిల్లలకు డిగ్రీ స్థాయి కంప్యూటర్ పాఠాలు చెబుతున్నారని, మా గిద్దలూరు నుంచి బస్సెక్కి ఒక వారం పోయి వచ్చింది. దాని నాయన, అంటే మా పెద్దాడు, ఇక చాలన్నాడు. నేనూ వంత పాడాను. "ఇంట్లో కంప్యూటరే లేదు, ఏంది నువ్వు నేర్చేది?"

అది దుకాణంలో మూడు పీటలు వేసి, మొదటిదాని మీద ఐదు పళ్ళాలు పేర్చింది, పెద్దది అడుగున, చిన్నది పైన. "మొన్న కాలేజీలో చెప్పిన పాఠం ఇదే, దీనికి కంప్యూటరక్కర్లేదు. ఇవన్నీ ఆ చివరి పీట మీదికి పోవాల తాతా. ఒకసారికి ఒకటే తియ్యాల. చిన్నదాని మీద పెద్దది పెట్టగూడదు."

జన్మంతా పళ్ళాలు పేర్చినవాణ్ణి. బేరానికొచ్చిన ఆడవాళ్లు చూస్తుండగా నాకు చెమటలు పట్టాయి గాని పళ్ళాలు దారి పట్టలేదు. "సామాన్లమ్మే నాయనకు పళ్ళెం జరపను రాలేదే" అని పెద్దాడు పగలబడి నవ్వాడు.

"ఐదూ నీకెందుకు తాతా? పై నాలుగు జరిపేటోడు ఒకడుండాడనుకో. వాడు నాలుగూ నడిమి పీట మీద పెడతాడు. నువ్వు పెద్దదొక్కటి జరుపు. వాడు మళ్ళా నాలుగూ దానిమీదికి తెస్తాడు."

"వాడెవడు?"

"నువ్వే. రవ్వంత చిన్నోడివి. వానికింద మూడు జరిపేటోడు ఇంకొకడు."

నాలోపల నేనే, గిన్నెలో గిన్నెలా అంతకంతకు చిన్నగా, ఆఖరున ఒక్క పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పసివాడిగా కనిపించాను. దాని చేతులు పీటల మీద ఆడుతుంటే, ధర అడుగుతున్న ఆవిడకు జవాబు చెప్పడం మరిచాను.

వారమంతా దుకాణం తెరవకముందే సాధన చేశాను. ఆదివారం అది సంచి సర్దుకుంటే పెద్దాడు గడపకు అడ్డం నిలబడ్డాడు. నేను పీటలు వేసి, పళ్ళాలు జరిపి చూపించాను. "ఆ పొద్దు నవ్వినావు గదా. బస్సొచ్చేలోగా నువ్వు జరిపితే పిల్ల ఇంట్లోనే ఉంటది, లేకుంటే పోతది."

కూర్చున్నాడు. బస్సు హారన్ వినిపించింది. పిల్ల వాడి పక్కనుంచే దాటి పోయింది. వాడు తలెత్తలేదు. "ఆగు నాయనా, ఈసారి వస్తది" అన్నాడు.

సాయంత్రం అది తిరిగొచ్చేసరికి వాడింకా పీటల ముందే ఉన్నాడు. "అమ్మా, ఆ నాలుగు జరిపేటోడు ఎట్ల జేస్తాడు?" అని కూతురినే అడిగాడు. మళ్ళీ ఏ ఆదివారమూ గడపకు అడ్డం నిలబడలేదు. ఆ పూట ఎటు పోయిందో వాడికి తెలియలేదు, నాకు అరవై ఏళ్లు ఎటు పోయాయో తెలియనట్టే.