మాస్టారి తిట్లు తిన్న కంప్యూటరు

వీరాంజనేయులు మాస్టారికి పిల్లలంటే గిట్టదనీ, కోపం నెత్తికెక్కి మతి చెడిందనీ సత్తెనపల్లిలో చెప్పుకుంటున్నారట. అన్నవాళ్ళ చేత పచ్చి మిరపకాయ కొరికించాలి! ఆయన కంప్యూటర్ సెంటరు మెట్ల కింద టీకొట్టు నాది. ఆ తిట్లన్నీ చెవులారా విన్నదాన్ని. మాస్టారు తిట్టేది వస్తువుల్ని. ఫ్యాన్ని, కుర్చీని, పోయిన కరెంటుని. మనిషిని ఒక్క మాట అనగా నేను వినలేదు.

"ఏమే ఫ్యానూ, తిన్నదరగడం లేదా? తిరగవే!" అని పైనుంచి కేక వినపడితే సెంటరు తెరిచారని బజారంతటికీ తెలిసేది.

అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది కంప్యూటరే. మాస్టారు కొత్త పిల్లలకి చిన్న లెక్కిచ్చి ప్రోగ్రాం రాయమనేవారు. అది సరిగ్గా ఉందో లేదో చూసే టెస్టు తనే ముందుగా రాసి పెట్టేవారు. సరిపోతే తెరమీద పచ్చ గీత, లేకపోతే ఎర్ర గీత. ఎర్ర గీత పడిందా, పిల్లలు నవ్వుతూ చెవులు మూసుకునేవాళ్ళు.

రెండువేల మూడులో, మిరప కోతల రోజులు. హారిక అనే పిల్లకి వచ్చిన లెక్క, గంపలోంచి పది నిమ్మకాయలు తీసివ్వడం. ఎన్నిసార్లు నొక్కినా ఎర్ర గీతే. 'పది రావాలి, పదకొండు వచ్చాయి' అంటోంది టెస్టు. అప్పుడే వాళ్ళమ్మ మాణిక్యమ్మ మెట్లెక్కింది. సంతలో నిమ్మకాయలమ్ముకునే మనిషి. టీ గ్లాసులతో నేనూ వెనకే ఎక్కాను.

"ఇయ్యాళ గూడా ఎర్ర గీతేనా? ఇక చాల్లే, లెగు. రేపట్నుంచి కోతకి పోదువుగాని."

"అమ్మా, ఈ ఒక్కసారి..." పిల్ల కళ్ళనిండా నీళ్ళు.

మాస్టారు బల్లమీద ధన్‌మని గుద్దారు. "ఒసేయ్ కంప్యూటరూ, నీ దుంపతెగ! పిల్ల లక్షణంగా రాస్తే ఎర్ర గీత పెడతావా? పది తీశావు, బానే ఉంది. మళ్ళీ గంపలో చెయ్యెందుకు పెట్టావే? ఎవరు పెట్టమన్నారు? చెప్పు!"

హారిక తలెత్తింది. "నేనేనండీ."

"నువ్వు కాదమ్మా, దీన్నడుగుతున్నా!"

"కాదండీ, నేనే రాశానండీ. పదికి ఒకటి కొసరండీ!"

మాణిక్యమ్మ కొంగు బిగించింది. "మరి కొసరెయ్యకుండా బేరం ఎట్టా అవుద్దయ్యా? ఈ మాయదారి పెట్టెకి ఆ మాత్రం తెలవదా? నా కూతురు రాసిందే రైటు!"

ఇద్దరూ చెరో పక్కన నిలబడి కంప్యూటర్ని ఉతికి ఆరేస్తుంటే, హారిక గమ్మున ఆ కొసరు లైను చెరిపేసి మళ్ళీ నొక్కింది. పచ్చ గీత!

మాణిక్యమ్మ కాసేపు ఆ గీతకేసే చూసింది. "నువ్వు కూచో తల్లీ. కోతకి నేను పోతాలే" అంది. దిగుతూ దిగుతూ కూడా "కొసరెయ్యని బేరం ఒక బేరమా" అని గొణుక్కుంటూనే ఉంది.

"తప్పెక్కడుందో మీకు ముందే కనపడింది కదా మాస్టారూ?" అన్నాను గ్లాసు అందిస్తూ.

ఆయన గ్లాసుకేసి గుడ్లురిమారు. "నోర్మూసుకో! ఇంత వాగుడేంటే నీకు?"

గ్లాసు మారు మాట్లాడలేదు. నేను నవ్వుకుంటూ మెట్లు దిగాను.

ఇప్పుడాయన నల్లపాడు రైలు స్టేషన్ దగ్గర ఒక్కరే ఉంటున్నారు. నా మోకాళ్ళు అంతదూరం రానివ్వవు. అటు వెళ్ళేవాళ్ళు ఆయన వాకిట్లో కాస్త నిలబడండి. లోపల దేన్నో చెడామడా తిడుతుంటే మీ దారిన మీరు పోండి, కులాసాగానే ఉన్నట్టు. చప్పుడు లేకపోతే మాత్రం తలుపు కొట్టండి. ఆయన తలుపుని తిట్టేదాకా కొట్టండి.