ముందే కట్టిన టవరు

పన్ను సగానికి తగ్గించారన్న కబురు పొగక్కకు ఫ్యాక్టరీలో తెలియలేదు, ఇంట్లో తెలిసింది. డ్యూటీ దిగి వచ్చి గుమ్మం పక్కన చెప్పులు విప్పుతుండగానే అత్తగారు టీవీ ముందునుంచి కేకేసింది.

"అమ్మాయ్, మీ పొగ మీద పన్ను తగ్గించేశారట. మంత్రి ఇప్పుడే చెప్పాడు. సిమెంటు చవకవుతుందట. మంచిదేగా?"

పొగక్క మంచినీళ్ళ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. "ఎంత తగ్గించారు అత్తయ్యా?"

"సగం అన్నాడు. పక్కనున్నాయన చప్పట్లు కూడా కొట్టాడు."

ఆమె నీళ్ళు తాగకుండానే కుర్చీలో కూలబడింది. మిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతున్న భర్త తలెత్తి ఏదో అడగబోయాడు. ఆమె మొహం చూసి మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

పొగక్క అన్నది తోటి పనివాళ్ళు పెట్టిన పేరు. సిమెంటు ఫ్యాక్టరీ బాయిలర్ హౌసులో చాలా ఏళ్ళు పనిచేశాక, బట్టీ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే యూనిట్ కొత్తగా పెట్టినప్పుడు ఆమెను అక్కడికి వేశారు. చిన్నప్పుడు స్కూల్లో బొగ్గుపులుసు వాయువు అని బట్టీపట్టిన దాన్నే ఇప్పుడు బట్టీ దగ్గర పట్టుకోవాలన్నమాట అని ఆమె నవ్వేది. ఆ యూనిట్‌లో ఎత్తైన టవరొకటి ఉండేది. కిందనుంచి పొగ పైకి వెళ్తుంటే, పైనుంచి ఒక ద్రవం జల్లులా దిగి ఆ వాయువును పట్టుకునేది. తర్వాత ఆ ద్రవాన్ని ఆవిరితో వేడిచేస్తే వాయువు విడిపోయేది. దాన్ని నొక్కిపెట్టి, గొట్టంలో దూరంగా ఉన్న ఖాళీ గ్యాసు బావిలోకి, భూమి అడుగుకి పంపేవారు. ఆ ద్రవాన్ని అందరూ మందు అనేవారు. "మా ఆవిడ పొద్దున్నే మందు పోసి వస్తుంది" అని భర్త వచ్చినవాళ్ళందరి దగ్గరా అనేవాడు. మొదట్లో ఆమెకు ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది.

ఆవిరికీ కరెంటుకీ మందుకీ ఖర్చు బాగానే అయ్యేది. అయినా పొగను ఊరికే గాలిలోకి వదిలితే కట్టాల్సిన పన్ను అంతకంటే ఎక్కువ. అందుకే కంపెనీ ఆ యూనిట్ పెట్టింది. ఆ పన్ను మీదే టవరంతా నిలబడి ఉందని ఆమెకు బాగా తెలుసు. అందుకే ఆ సాయంత్రం నీళ్ళ గ్లాసు అలాగే పక్కన పెట్టేసింది.

మర్నాడు మేనేజరు పిలిచాడు. మంచివాడే. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే టేబుల్ మీద పెన్నులు సర్దుతూ కూర్చుంటాడు.

"బందు చేద్దామమ్మా," అన్నాడు. "ఇప్పుడు పట్టడం కంటే వదలడమే చవక. హెడ్డాఫీసు మాట."

"ఎన్నాళ్ళు?"

"కొత్త పథకం వస్తుందంటున్నారు. పట్టిన ప్రతి టన్నుకీ ప్రభుత్వమే డబ్బిస్తుందట. అప్పటిదాకా యూనిట్‌ని సిద్ధంగా ఉంచండి. మీకో ఫిట్టర్‌ని ఇస్తాను."

మిగతావాళ్ళను ప్యాకింగ్‌కీ క్వారీకీ సర్దేశారు. పొగక్కా, ముక్కు మీద కోపమున్న ముసలి ఫిట్టరూ మిగిలారు. ఆగిన యంత్రాన్ని కాపాడటం నడిచే యంత్రాన్ని నడపడం కంటే కష్టమని వాళ్ళకు అప్పుడు తెలిసింది. గాలి తగిలితే మందు పాడవుతుంది, అందుకని ట్యాంకుల్లో నైట్రోజన్ నింపి ఉంచాలి. పంపుల షాఫ్టులను వారం వారం చేత్తో తిప్పాలి, లేకపోతే ఒకే చోట బరువు పడి బేరింగులు దెబ్బతింటాయి. ఫిట్టరు పెద్ద పానా పట్టుకుని తిప్పుతూ ప్రభుత్వాన్ని తిట్టేవాడు. పొగక్క వాల్వులకు గ్రీజు పెడుతూ కంపెనీని తిట్టేది. అప్పుడప్పుడూ మార్చుకునేవారు కూడా.

పక్కనే బట్టీ పొగ, టవరు మొహం కూడా చూడకుండా, తిన్నగా చిమ్నీలోకి పోతూ ఉండేది.

ఆ మధ్యలోనే భర్త మేనమామ మంచినీళ్ళ సరఫరా ఆఫీసులో పంపు ఆపరేటర్ ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పాడు.

"వెళ్ళకూడదూ?" అన్నాడు భర్త, కాలరు తిరగేస్తూ. "ఇక్కడ నడవని మిషనుకి కాపలా కాస్తున్నావు."

"నడవనిది కాదండీ. నడవనివ్వనిది."

"ఏదైతేనేం?"

"నేను వదిలేస్తే ఒక్క వానాకాలంలో తుప్పు పట్టిపోతుంది. రేపు పథకం వచ్చాక ఏం పెట్టి నడుపుతారు?"

ఆ ఉద్యోగం ఎవరికో పోయింది.

అత్తగారు మాత్రం అప్పటినుంచి సీరియళ్ళు మానేసి వార్తలే చూడసాగింది. ఏ మంత్రి ఏ శాఖలోంచి ఏ శాఖకు మారాడో వీధిలో అందరికంటే ముందు ఆవిడకే తెలిసేది. ఒకరోజు పొగక్క గేటు తీస్తుండగానే ఎదురొచ్చింది. "వచ్చిందే అమ్మాయ్, నీ పథకం. టన్నుకింతని ఇస్తారట. పైగా కట్టడానికయ్యే దాంట్లో సగం వాళ్ళే పెడతారట."

ఆ రోజు పొగక్క ఇంట్లో అందరితోనూ నవ్వుతూ మాట్లాడింది. మర్నాడు మామూలుకంటే ముందే వెళ్ళి, టవరు మెట్లెక్కి, పైనున్న వాల్వులన్నీ తెరిచి మూసి చూసుకుంది. ఏ ఒక్కటీ బిగుసుకుపోలేదు. దిగి నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది. అతను పెన్నులు సర్దుతున్నాడు.

"మనకు రాదమ్మా," అన్నాడు. "ప్రకటన వచ్చాక కట్టిన యూనిట్లకే ఇస్తారు. మనది ముందే కట్టింది."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "మనది బ్రహ్మాండంగా ఉంది కదా సార్. ఆవిరి వదిలితే చాలు."

"ఉండటం కాదు, కొత్తగా కట్టడం ముఖ్యం. అలా రాశారు."

కొన్నాళ్ళకు పథకం గురించి చెప్పడానికి ప్రభుత్వ అధికారి ఒకాయన ఫ్యాక్టరీ మీటింగు హాలుకు వచ్చాడు. ఓపిగ్గా, మర్యాదగా మాట్లాడాడు. ఏమైనా అడగాలా అంటే వెనక వరసలోంచి పొగక్క లేచింది.

"సార్, ముందే కట్టినవాళ్ళకు ఎందుకివ్వరు?"

"మంచి ప్రశ్న అడిగారు మేడం. వాళ్ళకీ ఇస్తే, ఎలాగూ చేస్తున్న పనికి ప్రజల డబ్బు ఇచ్చినట్టవుతుంది. ఆ డబ్బుతో కొత్తవి రావాలని మా ఉద్దేశం."

"ఎలాగూ చేస్తున్న పని అంటున్నారు. మేం చెయ్యట్లేదు సార్. పన్ను తగ్గించాక ఆపేశాం."

"పన్ను వేరే శాఖ చూస్తుంది మేడం."

"మరి ఆ శాఖా ఈ శాఖా మాట్లాడుకోవా?"

హాల్లో ఎవరో నవ్వారు. అధికారి నవ్వలేదు. "మీరన్నది పైవాళ్ళ దృష్టికి తీసుకెళ్తాను," అన్నాడు. ఆయన నిజంగానే రాసుకోవడం ఆమె చూసింది. ఆయన చెప్పిన కారణం తప్పనడానికీ ఆమెకు నోరు రాలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఎవరి మాట వాళ్ళవైపునుంచి సబబుగానే ఉంది, పొగ మాత్రం పైకి పోతూనే ఉంది. తిడదామంటే మనిషి దొరకడు.

హెడ్డాఫీసు లెక్క వేసుకుంది. పాతది నడిపితే నష్టం, కొత్తది కడితే లాభం. బట్టీ పక్కన ఇంకో టవరుకు చోటు లేదు. అందుకని పాతదాన్ని తీసేసి, అదే చోట కొత్తది కట్టాలని తేల్చారు.

"పోనీ పంపులైనా ఉంచుకుందాం సార్," అంది పొగక్క. "కంటికి రెప్పలా చూసుకున్నాం వాటిని."

"ఒక్క నట్టు కూడా పాతది వాడకూడదమ్మా. వాడితే పాత యూనిట్‌ని బాగుచేశారంటారు. కొత్తది అనరు."

మందు ఖాళీ చేయించే పని ఆమెకే అప్పగించారు, ఆ గొట్టాల సంగతి తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు గనక. ఫిట్టరు ఆ వారం సెలవు పెట్టేశాడు. తుక్కు వ్యాపారి మనుషులు గ్యాస్ కట్టర్లు పట్టుకుని వచ్చారు. టవరు పక్క రేకు కోసి దించగానే వాళ్ళ మేస్త్రీ లోపలికి తొంగి చూసి బయటికొచ్చాడు.

"అమ్మా, తప్పు టవరు కోస్తున్నామేమో ఒకసారి చూడండి. ఇది కొత్తదానిలా ఉంది."

"అదే," అంది పొగక్క.

"ఎందుకు కోస్తున్నారు మరి?"

"కొత్తది కట్టడానికి."

మేస్త్రీ ఆమె వేళాకోళమాడుతోందనుకున్నాడు. ఆమె కళ్ళు చూసి మనుషుల్ని పనిలో పెట్టాడు. ముక్కలన్నీ లారీలకెక్కేదాకా ఆమె అక్కడే నిలబడింది. ఆ రాత్రి ఇంట్లో భర్త అన్నం కలిపి కంచం చేతికిస్తే రెండు ముద్దలు తిని లేచిపోయింది.

కొత్త టవరుకు పునాది గుంటలు తవ్వారు, ఇనుప కడ్డీలు దించారు. అంతలో ఎన్నికలయ్యాయి. కొత్తగా వచ్చినవాళ్ళు పథకాన్ని మళ్ళీ పరిశీలిస్తామన్నారు. రద్దనలేదు, ఇస్తామనీ అనలేదు. కంపెనీ పని నిలిపింది. గుంటల్లో వాననీళ్ళు నిండాయి. పైకి పొడుచుకొచ్చిన కడ్డీలు ఎర్రబడ్డాయి.

పొగక్క బాయిలర్ హౌసుకే తిరిగి వెళ్ళిపోయింది. ఆ పని ఆమెకు కొట్టినపిండి. అయితే పథకం కోసం ముందే తీసుకున్న కొత్త ఆపరేటర్లు కొందరు జీతాలు తీసుకుంటూ ఖాళీగా ఉన్నారు. వాళ్ళకు పాఠం చెప్పమని మేనేజరు బతిమాలాడు. లేని యూనిట్‌కి పాఠమేమిటని ఆమె విసుక్కుంది. చివరికి ఒప్పుకుంది.

మధ్యాహ్నాలు శిక్షణ గదిలో బోర్డు మీద టవరు బొమ్మ వేసి, మందు ఎక్కడ దిగుతుందో, ఆవిరి ఎక్కడ తగులుతుందో, పొరపాటు చేస్తే ఏం జరుగుతుందో చెప్పేది. మొదలుపెడితే ఆమెకు ఉత్సాహం ఆగేది కాదు. పంపుల దగ్గరికొచ్చేసరికి చేతులతో చూపిస్తూ చెప్పేది. అందరూ శ్రద్ధగా రాసుకునేవారు.

ఒకరోజు ముందు వరసలో కూర్చున్నామె చెయ్యెత్తింది. "అక్కా, ఇదంతా బాగా అర్థమైంది. మనం ఎప్పుడు మొదలుపెడతాం?"

పొగక్క చాక్‌పీసు కింద పెట్టి చేతులు దులుపుకుంది.

"వాల్వు గురించి అడుగు, పంపు గురించి అడుగు, చెప్తాను," అంది. "అది మాత్రం నన్నడక్కు."

గొంతు తాను అనుకున్నదానికంటే కటువుగా వచ్చింది. ఆ అమ్మాయి తల దించుకుంది. పొగక్కకు జాలేసింది. బోర్డు వైపు తిరిగి, మళ్ళీ పంపుల దగ్గరనుంచి పాఠం అందుకుంది.